ఉల్లిపొట్టూ, కోడిగుడ్లూ, కొంగుముడీ

కోడిగుడ్డుకి కిటికీ కొయ్యడం నాకొచ్చినంత బాగా సూరత్‌లో ఇంకెవరికీ రాదు. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఈ మాట మాత్రం తగ్గించి చెప్పను. పెంకు మీద చదరంగా గీసి, లోపలి పొర చిరక్కుండా ఆ ముక్క ఎత్తితే, అడుగున ఎర్రటి రక్తనాళాలు వల పరిచినట్టు కనిపిస్తాయి. ఆ వలని చూస్తూ పాతికేళ్లు జీతం తీసుకున్నాను. ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు "మేడమ్, మీ అనుభవం చెప్పండి" అని వస్తే ఆ కిటికీ రహస్యం చెబుతాననుకుంటారు. నేను మాత్రం రెండు నెలలపాటు ఎంత దర్జాగా తప్పు చేశానో చెబుతాను. చెయ్యి తిరగనివాళ్ల తప్పు అందరికీ కనిపిస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ల తప్పుకి చప్పట్లు కొడతారు.

మాది కాకినాడ. మావారికి హజీరాలో ఉద్యోగం దొరికి ఇక్కడికొచ్చాం. ఆయన పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే, నేను ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు పరిశోధన ల్యాబుకి వెళ్లేదాన్ని. ఒక పాత భవనంలో రెండో అంతస్తు మాది. భవనం యజమాని మహా నిష్ఠాపరుడు. ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, ఈ మూడూ తన మెట్లెక్కకూడదని ముందే చెప్పి అద్దెకిచ్చాడు. మా పనికి కావలసినవేమో సరిగ్గా ఉల్లిపొట్టూ, కోడిగుడ్లూ. అందుకని హేచరీ నుంచి వచ్చే గుడ్లని రింగ్ రోడ్ బట్టల బజారు చీరల పెట్టెల్లో సర్ది పైకి తెచ్చుకునేవాళ్లం. ఒకసారి ఆయన మెట్ల మీద ఎదురై, గుజరాతీలో అక్కని పిలిచినట్టు, "ఏం చీరలు బెన్?" అనడిగాడు. "తెల్లవి, లోపల పసుపు" అన్నాను. బాగుంటాయన్నాడు.

పని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. క్యాన్సర్ గడ్డ పెరగాలంటే దానికి రక్తం కావాలి. అందుకని చుట్టుపక్కల రక్తనాళాల చేత తనవైపు కొత్త కొమ్మలు వేయించుకుంటుంది. అండాశయంలో వచ్చే క్యాన్సర్ ఈ విద్యలో బాగా గడుసుది. ఆ నాళాల్లోంచి నీరు ఊరి పొట్ట కూడా నిండిపోతుంది. ఆ దారులు మూసే ఇంజెక్షన్లు ఉన్నాయి గానీ అందరికీ అందేవి కావు. మొక్కలకి రంగూ వగరూ ఇచ్చే ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలకి ఆ గుణం కొంత ఉందని చాలా ల్యాబుల్లో చూశారు. మా వంతుకొచ్చింది ఉల్లిపొట్టులో దొరికే క్వెర్సెటిన్. గుడ్డు లోపలి పొర మీద, మందు అద్దిన చిన్న కాగితం బిళ్ల పెడతాం. రెండు రోజులాగి బిళ్ల చుట్టూ ఉన్న నాళాలు లెక్కపెడతాం. ఇంకో సగం గుడ్లకి మందు లేని బిళ్ల పెడతాం, దాన్ని కంట్రోల్ అంటాం. రెండిటికీ తేడా కనిపిస్తే మందు పనిచేసినట్టు.

ఈ గాజుసామానంతా కడిగే ఆవిడ జగిత్యాల వైపు మనిషి. భర్త మరమగ్గాల మీద పనిచేసేవాడు. వాళ్ల మాటలో సాంచెలు. ఇల్లు లింబాయత్‌లో. ఆమె కడిగిన గ్లాసు ఎత్తి పట్టుకుంటే నీళ్లు పల్చగా జారిపోవాలి, ఒక్క చుక్క నిలిచినా మళ్లీ తొట్టిలోకే. ఒకసారి నేనే అడ్డుపడి "చాల్లే, ఇది బానే ఉంది" అంటే, నా చేతిలోంచి లాక్కుని మరీ కడిగింది. నన్ను మేడం అనేది. ఒక వేసవిలో ఆమె మొహం చిక్కి, పొట్ట మాత్రం పెరుగుతూ వచ్చింది. గ్యాస్ అంటుంది, మందుబిళ్ల మింగుతుంది, మళ్లీ తొట్టి ముందు నిలబడుతుంది. అండాశయపు క్యాన్సర్ గురించి రోజూ చదివేదాన్ని కదా, నాకు అనుమానం వచ్చింది. నేనే స్కానింగుకి లాక్కెళ్లాను. అనుకున్నదే అయింది. ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు రాశారు. ఆస్పత్రిలో సంతకాల దగ్గర్నుంచి గంజి దాకా తోడున్నాను. అప్పటినుంచి నేను మేడం కాదు, అక్కనయ్యాను. నేనేం చెబితే అది ఆమెకి వేదం. దీన్ని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

ఆమె కీమోలు మొదలయ్యే రోజుల్లోనే మా ల్యాబులో ఇంకొకావిడ చేరింది. కతర్‌గామ్‌లో పద్దెనిమిదేళ్లు వజ్రాలు ఏరిన మనిషి. వజ్రాల పనిలో మందీ, అంటే బేరాల్లేని కాలం, వచ్చి ఆమె కారఖానా మూతపడింది. నాళాలు లెక్కపెట్టడానికి మాకు ఓపికున్న కళ్లు కావాలి, ఆమెకి జీతం కావాలి. ఇంట్లో గుడ్డు ముట్టని మనిషి. చేతికి తొడుగులు వేసుకుని "ఇవి నాకు రాళ్లే" అంది. ఒకటే షరతు పెట్టింది. ప్రయోగం అయ్యాక గుడ్లని ఫ్రీజర్‌లో పెట్టే పని తను చెయ్యదు, ఆ సమయానికి వరండాలోకి వెళ్లిపోయి జపం చేసుకుంటుంది. సరేనన్నాను. ఏం కళ్లండీ అవి! నేను ముప్పై నాళాలు చూసే చోట ఆమె ముప్పై నాలుగు చూసి, ఆ నాలుగూ ఎక్కడున్నాయో పట్టకారు మొనతో చూపించేది.

ఏడో రోజున గుడ్డు వెనక దీపం పెట్టి చూస్తే లోపల నాళాల అల్లిక నీడలా తెలుస్తుంది. పిండం చచ్చిన గుడ్లు తీసేసి, బతికినవి ట్రేలో పెట్టమని ఆమెకి చెప్పాను. నేను ఎడమవైపు నుంచి ఒక్కొక్కటే తీసి కిటికీ కోసేదాన్ని. ముందు కంట్రోల్ బిళ్లలు, తర్వాత మందు బిళ్లలు. ముందు కంట్రోల్ చెయ్యాలని మా గురువుగారు నేర్పారు, అప్పటిదాకా అలాగే చేశాను.

ఫలితం నేననుకున్నదానికన్నా ఎంతో బాగా వచ్చింది. మందు పెట్టిన గుడ్లలో నాళాలు బాగా తగ్గిపోయాయి. మళ్లీ చేశాను, అంతే. మూడోసారీ అంతే. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. రిపోర్టు రాసి పంపిద్దామన్నారు. నేను మిఠాయి తెప్పించి అందరికీ పంచాను. ఆ రోజు మా గాజుసామాను ఆవిడ కూడా ల్యాబుకి వచ్చింది. మూడో కీమో అయి వారం దాటింది. పని చెయ్యొద్దన్నా, ఇంట్లో ఊపిరాడదని వచ్చి తొట్టి పక్కన కూర్చునేది. తలకి స్కార్ఫు కట్టుకుని, మిఠాయి చేతిలో పట్టుకుని, "దేనికక్కా గిది?" అనడిగింది.

"ఉల్లిపొట్టు మందు క్యాన్సర్‌కి రక్తం దారులు మూసేస్తుందే. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ మూసింది" అన్నాను.

గుడ్డులో అనే ముక్క చెప్పానో లేదో నాకిప్పటికీ గుర్తు లేదు. చెప్పానని తర్వాత వాదించాను. చెప్పినా ఆ సంబరంలో ఎవరికి వినపడుతుంది?

మూడు వారాలు రిపోర్టు రాయడంలో గడిచాయి. ఒక పొద్దున నాలుగోసారి గుడ్లకి దీపం పట్టి పేరుస్తూ, కతర్‌గామ్ బెన్ మామూలుగా అడిగింది. తన గుజరాతీ మాటనే తెలుగులో చెబుతున్నాను.

"బెన్, ఒక్కటి అడగనా? మంచి మాల్‌కి ఖాలీ బిళ్లలు పెడతారు, కచ్రా మాల్‌కి మందు పెడతారు. బలం లేనివాటికే మందివ్వాలనేనా?"

"మంచి మాల్ ఏమిటి?"

"ఇదిగో" అని ట్రే చూపించింది. "అల్లిక దట్టంగా ఉన్నవి ఎడమవైపు, పల్చబడుతూ వచ్చినవి కుడివైపు. మొదటి రోజు నుంచీ ఇలాగే పేరుస్తున్నాను కదా. రకం తీయకుండా ఎవరైనా పేరుస్తారా?"

పద్దెనిమిదేళ్లు వజ్రాలని మేలిమి నుంచి నాసి దాకా వరసగా పేర్చిన చేతులవి. వాటి ముందు ఏం పెట్టినా రకం తీసే తీరతాయి. ఆమె మేలురకం ముందు పెట్టింది, నేను ముందున్నవాటిని కంట్రోల్ చేశాను. నా మందు అడుగుపెట్టేటప్పటికే ఆ గుడ్లలో నాళాలు తక్కువ. మూడుసార్లూ అదే ఫలితం ఎందుకు రాదు? మూడుసార్లూ ఆమే పేర్చింది, నేనే తీశాను. గుడ్లని కలిపేసి చిట్టీలు వేసి పంచాలని నేనే కొత్తవాళ్లకి పాఠం చెప్పేదాన్ని. నా విషయానికొచ్చేసరికి, నా చెయ్యికి చిట్టీలెందుకు అనుకున్నాను.

డైరెక్టరుగారి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన రిపోర్టు కాగితాలు సొరుగులో పెట్టి, "సరే, రిపోర్టు ఆపుదాం. మళ్లీ చేశాక అందరికీ చెబుదాం, అప్పటిదాకా గొడవెందుకు" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. నేను సరేనని బయటికొచ్చి, తొట్టి పక్కన ఖాళీగా ఉన్న స్టూలు చూశాను. అప్పుడు తట్టింది. నాలుగో కీమో అయిపోయి ఉండాలి. ఆమె పది రోజులుగా ల్యాబు వైపు రాలేదు. ఫోన్ చేస్తే భర్త ఎత్తాడు.

"ఇగ పోనంటాంది అక్కా. ఎనిమిది దినాలాయె, తారీకు దాటింది. గా పొట్టు కషాయమే తాగుతాంది."

అప్పటికప్పుడు ఆటో ఎక్కాను. కతర్‌గామ్ బెన్ కూడా ఎక్కి కూర్చుంది. నువ్వెందుకంటే, "పేర్చింది నేను కదా" అంది.

లింబాయత్‌లో వాళ్లది ఒకటే గది. మూల నిండా గోనెసంచి, దాని నిండా ఉల్లిపొట్టు. భర్త షిఫ్టు దిగొస్తూ హోటళ్ల దగ్గర ఏరుకొచ్చేవాడట. పొయ్యి మీద గిన్నెలో ఎర్రగా ఏదో మరుగుతోంది.

"ఏందక్కా, గిట్ల చెప్పకుండ వచ్చినవ్?" అని నవ్వింది.

"నాలుగోదానికి ఎందుకు వెళ్లలేదు?"

"ఇగ పోను. మూడోది ఎక్కించినంక వారం దినాలు నోట్లె మెతుకు వోలె. కాళ్లల్ల సూదులు గుచ్చినట్టయితాంది. నీ ఉల్లిగడ్డ పొట్టు నెత్తురు దారులు బంద్ జేత్తదని నువ్వే చెప్పినవ్ గద. మిఠాయి గూడ పంచినవ్."

"నేను చెప్పింది గుడ్డులో. మనిషిలో కాదు. కషాయంలోంచి ఒంటికి ఎంత పడుతుందో కూడా నాకు తెలీదు."

"గుడ్డుల పనిజేసింది కడుపుల పనిజెయ్యదా? సాంచె మీద నమూనా బట్ట మంచిగొత్తె తానంత మంచిగనే వస్తది."

"ఆ నమూనా బట్టే తప్పు" అన్నాను. జరిగిందంతా చెప్పాను. బెన్ పక్కన కూర్చుని హిందీలో, ట్రే ఎలా పేర్చిందో నేల మీద ఉల్లిపొట్టు ముక్కలు వరసపెట్టి చూపించింది. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నన్ను దవాఖానకు తోలనీకె అబద్ధమాడుతున్నరు మీరిద్దరు."

నా మాట వేదమని నమ్మిన మనిషి, నా మాట తప్పంటే నమ్మడం లేదు. గిన్నెలో మరుగుతున్నదాని వైపు చూస్తూ ఏదో తోచి అడిగాను.

"నువ్వు కడిగిన గ్లాసు మీద చుక్క నిలిస్తే ఏం చేస్తావు?"

"మల్ల కడుగుత."

"అది చూసుకోకుండా నేను అందులో మందు కలిపేశాననుకో. లెక్క కూడా కట్టేశాను. అప్పుడో?"

"పారబొయ్యుమంట. గలీజు గ్లాసుల చేసింది లెక్కకు రాదు గద..." అంటూ ఆగిపోయింది. తర్వాత లేచి పొయ్యి ఆపేసింది.

"మల్ల చేత్తవా?"

"చేస్తాను."

"నా ముంగట చెయ్యాలె. చిట్టీలు నేను తియ్యాలె. నాలుగోది నీ మొకం జూసి పోత. అయిదోది గుడ్లు చెప్పినంక సూద్దాం."

గుడ్లు ఏం చెప్పినా కీమో మానకూడదని నేనూ చెప్పాను, డాక్టరు చేతా చెప్పించాను. సరేనని తలూపింది. ఆ తలూపడం నాకు తెలుసు. చాల్లే అన్నప్పుడు కూడా అలాగే ఊపి, నా చేతిలోంచి గ్లాసు లాక్కుంది. మర్నాడే నాలుగోది ఎక్కించారు.

మూడో వారంలో, రక్తపరీక్ష బాగుందని డాక్టరు చెప్పాక, మాస్కు కట్టుకుని ల్యాబుకి వచ్చింది. బెన్ గుడ్లకి దీపం పట్టింది. ఈసారి వరస పెట్టకుండా ఉండడానికి ఆమె పడిన అవస్థ చూడాలి, చేతులు వాటంతటవే మేలురకాన్ని ఎడమవైపు తోస్తుంటే తనే వెనక్కి లాక్కునేది. ప్రతి గుడ్డుకీ నంబరు వేశాను. నంబర్ల చిట్టీలు డబ్బాలో వేశాం. చిట్టీలు తియ్యడం మా గాజుసామాను ఆవిడకి కొత్తేం కాదు, బస్తీలో ఆడవాళ్ల చిట్టీపాట ఆమే నడిపేది. కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ తీసి రెండు కుప్పలు వేసింది. మందు ఒక ముదురు రంగు సీసాలో, ఖాళీ ద్రవం అలాంటిదే ఇంకో సీసాలో పోసి, పేర్ల చీటీలు అంటించి ఇచ్చాను. వాటిని కడిగే గదిలోకి తీసుకెళ్లి, తలుపేసుకుని, చీటీలు పీకేసి, ఒక సీసాకి ఎర్రదారం, ఇంకోదానికి పచ్చదారం కట్టి తెచ్చింది. దారాలు సాంచెల దగ్గరివే. పీకిన చీటీలకి కూడా ఆయా దారాలు చుట్టి, చీర కొంగున ముడేసుకుంది.

"ఇగ ఏది ఏందో నాకొక్కదానికే ఎర్క" అంది. ఆ రోజు ఆమె మొహంలో వెలుగు చూశాను.

ఒక కుప్ప గుడ్లకి ఎర్రదారం సీసా బిళ్లలు, రెండోదానికి పచ్చదారం సీసావి పెట్టాను. ఆ రెండు రోజులు నేను నేను కాదు. మందు బాగా పనిచేస్తే, ఈమె అయిదోదానికి వెళ్లదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నా మందు ఓడిపోవాలని కోరుకున్నాను. అలా కోరుకునే మనిషి చేతికి లెక్క ఇస్తే ఏమవుతుందో కూడా నాకప్పుడే తెలిసింది. నిజం నా దగ్గర కాకుండా ఆమె కొంగున ఉండడం ఎంత మంచిదైందో!

బెన్ లెక్కపెట్టింది, నేను రాశాను. ఎర్రదారం గుడ్లలో నాళాలు కొద్దిగా తక్కువ. ఎర్రదారం మందైతే కొంచెం పనిచేసినట్టు, పచ్చదారం మందైతే అసలు పనిచెయ్యనట్టు. డైరెక్టరుగారు కూడా వచ్చి నిలబడ్డారు. ఆమె కొంగుముడి విప్పడానికి తంటాలు పడింది, కీమో వల్ల వేళ్లు తిమ్మిరి. ఎవరం సాయం చెయ్యలేదు, చెయ్యనివ్వలేదు. ముడి వీడాక మందు చీటీ చూపించింది. ఎర్రదారం.

"గింతేనా?"

"ఇంతే."

"మిఠాయి పంచినప్పటి దాంట్ల?"

"సగం కూడా లేదు."

స్టూలు మీద కూర్చుండిపోయింది. "గీ గింతదానికేనా అక్కా, నేను దవాఖాన ఎగ్గొట్టింది?"

నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. అన్నేళ్ల పేరు, చెయ్యి తిరిగిన గర్వం, ఏదీ ఆపలేదు. ఆమే లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది.

"నువ్వేడువకు. అయిదోది ఎల్లుండేనాయె, ఆటో చెప్పు."

పెద్ద రిపోర్టు చిన్న పేరాగా మారింది. డైరెక్టరుగారు దాన్ని నిజాయితీగానే రాశారు. మొదటి మూడుసార్లు ఎందుకు చెల్లవో కూడా రాశారు, నా పేరు పెట్టకుండా. పెట్టినా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆరో కీమో రోజు నేనే పక్కన కూర్చున్నాను. చుక్కలు పడుతుంటే చూస్తూ, "ఇదంత ఫ్యాక్టరీ మందేనా?" అనడిగింది.

"దీని పుట్టుక చెట్టు బెరడే. ఎన్నో ఏళ్లు గాజు గిన్నెల్లో, ఎలకల్లో చూసి, తర్వాత మనుషుల్లో చూశారు."

"మనుషుల్ల గూడ చిట్టీలు తీసిండ్రా?"

"తీశారు. నీలాంటి ఆడవాళ్లే ఒప్పుకున్నారు. ఎవరికి ఏ మందొస్తుందో ముందుగా ఎవరికీ తెలీదు."

"బతికిండ్రా?"

"కొందరు. వాళ్లు ఒప్పుకోబట్టే నీ దాకా వచ్చింది."

కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి అలాగే, కళ్లు తెరవకుండానే అంది.

"అక్కా, మన ఉల్లిగడ్డ ఎప్పుడన్న ఆడోళ్ల దాక వస్తె, నా పేరు గూడ చిట్టీల ఎయ్యి."

నేను రిటైరయ్యాను. ఆమె ఇంకా అదే తొట్టి దగ్గర గ్లాసులు కడుగుతోంది. పరీక్షకి వెళ్లిన ప్రతిసారీ, రిపోర్టు చేతికొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గరుండదు. ఇప్పటిదాకా బాగానే ఉంది. నెలకోసారి ఫోన్ చేసి మొదట అడిగేది నా మోకాళ్ల సంగతి, రెండోది ఉల్లిగడ్డ సంగతి. పోయిన వారం కూడా అడిగింది.

"ఇంకా గుడ్లలోనే ఉందే" అన్నాను.

"ఉండనీ. తొందర జెయ్యకుమను" అంది. "నేనీడనే ఉంట గద."